అధ్యక్షాధికారమును, కచేరీ వ్రాతయును: దేవనకొండ సీమ చరిత్రమునుండి ఒక విచారము

రాజ్యాధికారమును గూర్చి వ్రాయువారు తఱచుగా సింహాసనమునకో, సభామండపమునకో తమ దృష్టిని పరిమితము చేయుదురు. ఆజ్ఞ యెవరి పేర వెలువడెనో, దానికి సమ్మతించినవా రెందఱో, త్రోసివేసినవా రెందఱో విచారించి యంతటితో నూరకుందురు. ఆ యాజ్ఞ యే త్రోవను పల్లెకు వచ్చెను? పల్లెనుండి యే వ్రాత తిరిగి పైకి పోయెను? నడుమ నెందఱి చేతులలో నెంతకాలము నిలిచెను? ఈ ప్రశ్నలు చరిత్రగ్రంథములలో నరుదుగా కనబడును. అధ్యక్షునకును ఉద్యోగిబృందమునకును గల నిజమైన సంబంధము మాత్ర మీ ప్రశ్నలలోనే యిమిడి యున్నది.

కర్నూలు జిల్లా పడమటి భాగమున, పత్తికొండకు చేరువనున్న దేవనకొండ సీమ యీ విచారమునకు మంచి యుదాహరణము. రాజధాని నగరముల కెంతయో దూరమున, వాన తక్కువై, మెట్టసేద్యముపై బ్రదుకు నీ పల్లెలలో మూడు సంఘటనలు జరిగెను. 1801లో తెర్నేకల్లు గ్రామము సర్కారు ఉద్యోగి నెదిర్చెను. 1807లో ఈ సీమ రైతులకు పన్ను తగ్గింపవలయునని కలెక్టరు వ్రాసిన విన్నపము 1820 వఱకు ఫలింపలేదు. 1827లో ఆ కలెక్టరే గవర్నరు పదవిలో నుండి పత్తికొండలో దేహము చాలించెను. ఈ మూటిని వరుసగా చూచినచో అధ్యక్షపీఠమున కెంత బలము కలదో, ఆ బలము దేనిపై నిలిచి యుండునో తెలియగలదు.

1. పదవిచారము

ఇంగ్లీషు కంపెనీవారి పాలనలో మన దేశభాగములకు ప్రెసిడెన్సీ యను పేరు వచ్చుటకు కారణము సులభము. కంపెనీ కోఠీలయందు వర్తకవ్యవహారములను చూచుట కొక యాలోచనసభ యుండెను. ఆ సభకు పెద్దయగువాడు ప్రెసిడెంటు, అనగా అధ్యక్షుడు. అతని యధ్యక్షతకు లోబడిన కోఠీలును, వానిని చుట్టియున్న భూములును ప్రెసిడెన్సీ యయ్యెను. మన పెద్దలు దీనిని రాజధాని యని తెలిగించిరి. చెన్నపురి రాజధాని యన్నచో పట్టణమని కాక ఆ పట్టణమునుండి యేలబడు సమస్తదేశమని యర్థము. గవర్నరు పదవి యట్లు పుట్టుకచేతనే సభాధ్యక్షపదవి. అతడు తన సభ్యులతో కూడిన గవర్నరు. ఆజ్ఞలన్నియు సభాసహితుడైన గవర్నరు పేరనే వెలువడవలయును.

మొదట సభలో నెక్కువమంది యే మాట యన్న నదియే చెల్లెడిది. 1786లో బంగాళపు గవర్నరు జనరలుకును, 1793నాటి చార్టరు శాసనముచే చెన్నపురి, బొంబాయి గవర్నరులకును, అవసరమైనపుడు సభ్యుల యభిప్రాయమును త్రోసిపుచ్చి తమ బాధ్యతమీద ఆజ్ఞ చేయు నధికార మీయబడెను. పైచూపునకు ఇది నిరంకుశాధికారమువలె తోచును. ఐనను గవర్నరుకు పైని కలకత్తాలోని గవర్నరు జనరలును, లండనులోని డైరెక్టరుల సభయు, 1784నుండి దానిని కనిపెట్టియుండు బోర్డు ఆఫ్ కంట్రోలును ఉండిరి. నాటి యోడలు ఆఫ్రికాను చుట్టి వచ్చుటచే ఒక జాబు లండను చేరుట కాఱు మాసములును, ప్రత్యుత్తరము వచ్చుట కొక సంవత్సరమో, అంతకు మించియో పట్టెడిది. కావున పైవారి యధికారము కాగితముమీద సంపూర్ణమై, కాలముమీద శిథిలమై యుండెను.

క్రిందివైపు చూతము. పల్లెప్రజ యెఱిగిన దొర కలెక్టరు. ఈ మాటకు వసూలు చేయువాడని యర్థము. తాలూకాలోని తాసిల్దారు పేరునకు నదియే యర్థము. పారసీకమునుండి వచ్చిన మాటలో తహసీలనగా వసూలు, దారనగా ఆ పనిని పూనినవాడు. ఒకే పనికి ఇంగ్లీషున నొక పేరును, పారసీకమున నొక పేరును ఏర్పడి, మొదటిది దొరకును రెండవది స్వదేశీయునకును దక్కినవి. జమాబంది, ఫసలీ, హుజూరు, సిరస్తాదారు, పేష్కారు, తాకీదు, అర్జీ మొదలగు మాటలన్నియు కంపెనీవారికి ముందటి ప్రభుత్వములనుండి దిగినవే. కరణమను మాట మాత్రము సంస్కృతము, మిక్కిలి ప్రాచీనము. ప్రభువులు మాఱిరి, పైమాటలు మాఱినవి. అడుగున నున్న మాట మాఱలేదు. ఈ భాషావిశేషము రాజ్యతంత్రముయొక్క నిర్మాణమునకు తార్కాణము.

2. గ్రామమునుండి కోట వఱకు

ఆదవాని సీమ విజయనగరమువారి పిమ్మట బిజాపురపు సుల్తానులకును, 17వ శతాబ్ది చివర మొగలులకును, అనంతరము నైజామునకును వశమయ్యెను. నైజాము సోదరుడు బసాలత్ జంగు 1782లో మరణించువఱకు ఇచట జాగీరుదారుగా నుండెను. 1786లో టిప్పుసుల్తాను ఆదవాని దుర్గమును పట్టుకొని పడగొట్టించెను. టిప్పు పతనానంతరము, 1800 అక్టోబరు 12వ తేదిని జరిగిన సంధిచే నైజాము తన రాజ్యరక్షణకై యుంచుకొన్న కంపెనీ సైన్యపు వ్యయమునకు బదులుగా తుంగభద్రకు దక్షిణమున నున్న భూభాగమును కంపెనీకి వదలుకొనెను. ఇవియే దత్తమండలములు, 1928లో నంద్యాలలో జరిగిన యాంధ్రమహాసభనాటినుండి రాయలసీమ యని పిలువబడుచున్నవి. ఇప్పటి పత్తికొండ, దేవనకొండ, ఆదవాని ప్రాంతములు కంపెనీవశమైన దపుడే. కర్నూలు నవాబు సంస్థానము వేఱుగా నుండి 1839లో కంపెనీవశమయ్యెను. 1858లో కర్నూలు జిల్లా యేర్పడినపుడు పత్తికొండ తాలూకా బళ్లారినుండి దానిలో చేర్చబడెను. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్ర మవతరించునంతవఱకు బళ్లారి జిల్లాలోనే యుండెను.

1800లో ఈ విశాలప్రదేశమునకు తామస్ మన్రో ప్రధాన కలెక్టరయ్యెను. 1761లో స్కాట్లండునందలి గ్లాస్గోలో పుట్టి, 1780లో సైనికోద్యోగిగా చెన్నపురికి వచ్చి, హైదరు యుద్ధములలో పాల్గొని, బారామహలులో కర్నల్ రీడు క్రింద రివిన్యూ పని నేర్చి, కన్నడతీరమున నొక సంవత్సరము కలెక్టరుగా నుండి వచ్చినవాడు. అతనికి నలుగురు సబుకలెక్టరులు సాయముగా నుండిరి. ఆదవాని భాగము విలియం థాకరేకు వచ్చెను. ఈ సీమలో నపుడు సుమారు 80 మంది పాళెగాండ్రును, వారికి లోబడిన సాయుధభటులు సుమారు 30,000 మందియు నుండిరని మన్రో లెక్క. జనరల్ కాంబెలు సేనల సాయమున పాళెగాండ్ర బలమణచబడెను. వారియెడ మన్రో మిక్కిలి కఠినముగా వర్తించెనని డైరెక్టరులు మందలింపగా నతడు తన చర్యను సమర్థించుకొనుచు ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ మందలింపు సముద్రము దాటి వచ్చునప్పటికి పాళెములు చాలవఱకు కూలియే యుండెను.

పాళెగాని నడుమనుండి తొలగించిన పిమ్మట సర్కారునకును రైతునకును నడుమ మిగిలినది కచేరీ యొకటియే. దాని సోపానక్రమ మిట్టిది. గ్రామమున రెడ్డియో గౌడో పెద్ద, కరణము వ్రాయసకాడు, తలారి కావలివాడు, చెఱువున్న యూర నీరుగంటివాడు నీరు పంచువాడు. కొన్ని గ్రామములు కలిసి తాలూకా. దానికి తాసిల్దారు, పేష్కారు, గుమాస్తాలు. తాలూకాలన్నిటికి పైన కలెక్టరుగారి హుజూరు కచేరీ. అందు సిరస్తాదారు ముఖ్యుడు. అచట చిరకాలము మరాఠీ వ్రాత నడిచెను; గ్రామపు తెలుగు, కన్నడ లెక్కలు హుజూరుకు పోవునపుడు మరాఠీలోనికి, చెన్నపురికి పోవునపుడు ఇంగ్లీషులోనికి మాఱెడివి. చెన్నపురిలో 1786నుండి నెలకొన్న రివిన్యూ బోర్డు కలెక్టరుల జాబులను చదివి, సారమును తీసి, తన యభిప్రాయముతో జార్జికోటలోని సభాసహిత గవర్నరుకు పంపెడిది. ఒక రైతు మాట గవర్నరు చెవికి చేరవలయునన్న నిన్ని మెట్లెక్కి, ఇన్ని భాషలు మాఱి పోవలయును. ప్రతి మెట్టునను మాట కొంత తఱుగును, కొంత పెరుగును.

మన్రో ఈ చిక్కును బాగుగ నెఱిగినవాడు. కావుననే పెక్కుమాసములు గుడారములలో నుండి గ్రామములు తిరిగి, రైతులను స్వయముగ పిలిపించి జమాబంది జరిపెను. 1802లో పైమాషీ ప్రారంభించెను. దానికి స్వదేశీయ గుమాస్తాలకే శిక్షణ మిచ్చి యుపయోగించెను. 33 అడుగుల గొలుసుతో కొలిచి, ఆ గొలుసంత ప్రక్క గల చతురమును గుంటయని, 40 గుంటలు ఎకరమని నిర్ణయించెను. తరువాత భూములకు తరము లేర్పఱచి తీర్వ కట్టించెను. ఈ కొలతయే రయత్వారీ పద్ధతికి మూలము. ప్రతి రైతునకును ప్రతి పొలమునకును సర్కారుతో నేరుగ సంబంధ మేర్పడెను. నేరుగ ననుటలో నొక విశేషము కలదు. నడుమ జమీందారు లేకపోయెను గాని కరణముయొక్క కలము మాత్రము మునుపటికంటె బలవత్తర మయ్యెను. పొలమునకు పొలముగ లెక్క వ్రాయువాడు, ఏ పొలము బీడు, ఏది సాగు అని చెప్పువాడు అతడే గదా!

3. తెర్నేకల్లు

ఈ పద్ధతి నిలద్రొక్కుకొనక మునుపే, కంపెనీపాలన వచ్చిన మఱుసటి సంవత్సరముననే, నేటి దేవనకొండ మండలములోని తెర్నేకల్లులో నొక ఘోరము జరిగెను. వసూలు విషయమున గ్రామమునకును సర్కారు ఉద్యోగికిని వివాదము ముదిరి, గ్రామస్థులు ఆ యుద్యోగిని, అతని వెంటవచ్చినవారిని చంపిరి. అంతట కంపెనీ సైన్యము గ్రామమును ముట్టడించెను. ఆ కాలమున నీ సీమ గ్రామములకు మట్టికోట లుండెడివి. 1801 డిసెంబరు మాసమున జరిగిన తొలి ముట్టడి విఫలమై సైనికులు పలువురు పడిరి. అధికబలము వచ్చిన పిమ్మట కోట పట్టువడెను. ముత్తుకూరి గౌడప్ప యను గ్రామపెద్ద యీ యెదిరింపునకు నాయకుడై యురికంబ మెక్కెనని స్థానిక జనశ్రుతి. నేటికిని అచటివా రతని పేరు తలచుకొందురు.

ఈ సంఘటనను స్వాతంత్ర్యసమరముగా వర్ణించువారు కలరు. వట్టి దౌర్జన్యముగ వ్రాసిన నాటి సైనికులును కలరు. మన విచారమునకు ముఖ్యమైనది వేఱు. జార్జికోటలోని గవర్నరు తెర్నేకల్లు పేరును వినినది సైన్యము దెబ్బతిన్న పిమ్మటనే. అంతకుముందు గ్రామమున నేమి పన్ను వేయబడెను, అది యెట్లు వేయబడెను, గ్రామస్థు లెవరితో మొఱపెట్టుకొనిరి అను విషయములు పై మెట్లకు చేరలేదు. దేశమంతయు తన యాజ్ఞకు లోబడియున్నదని తలచు సభాధ్యక్షునకు, ఆ యాజ్ఞ పల్లెలో నే రూపమున నున్నదో తెలియదు. పల్లెకు, పైని దయగల ప్రభు వున్నను, ఎదుట నిలిచిన యుద్యోగియే సర్కారు. అధికారము తుది మెట్టుననే మెత్తనిదో, కఠినమో యగుచున్నది. ఫిరంగి పైనుండి శీఘ్రముగ దిగెను; మొఱ క్రిందినుండి శీఘ్రముగ నెక్కలేదు.

4. పదుమూడేండ్ల విన్నపము

మన్రో దత్తమండలములలో నేడేండ్లుండెను. ఆ కాలములో భూమిశిస్తు వసూలు నాలుగు లక్షల పౌనులకు పైచిల్లరనుండి ఆఱు లక్షల పౌనులకు పైచిల్లరకు పెరిగెను. యుద్ధములచే ఋణభారమున నున్న చెన్నపురివారి కిది మిక్కిలి ప్రియమయ్యెను. దానిని పెంచినవాడే యది నిలువరానిదని మొదట గ్రహించెను. పండిన పంటలో నూటికి 45 వంతులు సర్కారు భాగమని లెక్కించి తీర్వ కట్టబడి యుండెను. మూడవ వంతునకు మించి తీసికొన్నచో భూమికి విలువ యుండదనియు, కఱవు వచ్చిన సంవత్సరమున రైతు నిలువలేడనియు మన్రో యభిప్రాయపడెను. 1807 ఆగస్టు 15వ తేదిని ప్రభుత్వమునకు వ్రాసిన లేఖలో అన్ని భూములపైని తీర్వను నూటికి 25 వంతున తగ్గింపవలయుననియు, బావులచేతను, కపిల మొదలగు సాధనములచేతను నీరెత్తి పండించు భూములకు మఱి 8 చేర్చి వెరసి 33 వంతున తగ్గింపవలయుననియు కోరెను. మెట్టపొలమునందు బావి త్రవ్వి ఎద్దులతో కపిల తోలు రైతుశ్రమను సర్కారు శిక్షింపరాదని దీని సారము. దేవనకొండవంటి సీమకు ఈ మాట యెంత ముఖ్యమో వేఱుగ చెప్ప నక్కరలేదు.

ఆ లేఖ చేరిన కాలమే యపకాలము. రయత్వారీని మెచ్చి, థాకరేను జిల్లాలకు పంపి విచారణ చేయించిన గవర్నరు బెంటింకు, వేలూరు సిపాయీల తిరుగుబాటు కారణముగ పదవినుండి తొలగింపబడి యా సంవత్సరమే స్వదేశమునకు పోయెను. మన్రోయు నా సంవత్సరము చివరనే సెలవుపై వెడలెను. వ్రాసినవాడును, విననెంచినవాడును ఒక్కమాఱే తరలిపోగా, లేఖ మాత్రము కచేరీలో మిగిలెను. క్రొత్తగా వచ్చిన గవర్నరు బార్లో బంగాళపు శాశ్వతపరిష్కారమునందు పెరిగినవాడు. రివిన్యూ బోర్డులో హాడ్జ్‌సన్ మొదలగువారు రయత్వారీకి విరోధులు. తగ్గింపు మాట త్రోసివేయబడెను, రయత్వారీయే తీసివేయబడెను. దానికి బదులు గ్రామమును మొత్తముగ నొకరికి మొదట మూడేండ్లకును, తరువాత పదేండ్లకును కౌలున కిచ్చు పద్ధతి వచ్చెను.

కౌలుమొత్తము వెనుకటి హెచ్చువసూళ్లనుబట్టి కట్టబడుటచే, వానలు తప్పిన యేండ్లలో కౌలుదారులు చెల్లింపలేకపోయిరి. బాకీలు పేరుకొనెను, పలు గ్రామములు తిరిగి సర్కారు చేతికి వచ్చెను. పది యేండ్ల కౌళ్లు వలదని లండనులోని డైరెక్టరులు వ్రాసిరి. ఆ యుత్తరువు వచ్చునప్పటికి అనేక జిల్లాలలో కౌలుపట్టాలు వ్రాయబడియే యుండెను. సర్వోన్నతమగు ఆజ్ఞయు ఒకమాఱు దస్కతు పడిన కాగితము నెదుట నిలిచి కాలము గడువవలసివచ్చెను.

ఇచట నొక విచిత్రము గమనింపదగినది. చెన్నపురి కచేరీలో నడగియున్న మన్రో, థాకరేల వ్రాతలు లండనులో జీవము పొందెను. 1812లో పార్లమెంటు సంఘము ప్రకటించిన అయిదవ నివేదికయందు అవి చేర్చబడి, పైవారి మనస్సును త్రిప్పెను. 1814లో న్యాయశాఖా సంస్కరణకై నియమింపబడిన సంఘమునకు పెద్దయై మన్రో తిరిగి చెన్నపురికి వచ్చెను. డైరెక్టరుల యుత్తరువు వెంట నున్నను, స్థానిక కచేరీలును, సదరు అదాలతును ఎడతెగని యాక్షేపణలు వ్రాసి కాలహరణము చేసిరి. తుదకు 1816లో రెగ్యులేషనులు వెలువడెను: గ్రామమునసబులకు చిన్న వ్యాజ్యములను విచారించు నధికారము, గ్రామపంచాయతులకు గుర్తింపు, మేజస్ట్రేటు పనియు పోలీసును జిల్లాజడ్జీనుండి కలెక్టరుకు మార్పు. 1818 ప్రాంతమున రయత్వారీ మఱల రాజొచ్చెను. ఐనను 1807నాటి తగ్గింపు మాత్రము రాలేదు. 1820 జూనులో మన్రో చెన్నపురి గవర్నరయ్యెను. ఆ సంవత్సరముననే తాను కలెక్టరుగ కోరిన 25, 33 వంతుల తగ్గింపును తానే గవర్నరుగ మంజూరు చేసెను.

దీనినుండి రెండు సిద్ధాంతములు తీయవచ్చును. అధ్యక్షపీఠము మాఱినచో కార్యము మాఱునని యొకటి. ఇది సత్యము, అదే లేఖకు బార్లో కాలమున లభింపని సమ్మతి మన్రో కాలమున లభించెను. కాని, ఆ పీఠమెక్కినవాడు ఏడేండ్లు ఆ పల్లెల గుడారములలో నివసించి, తన లెక్కను తానెఱిగి యుండుటచేతనే యట్లు చేయగలిగెనని రెండవది. నాకు రెండవది ముఖ్యముగ తోచుచున్నది. అధికారము చేతనుండుట వేఱు, దేనిపై నధికారము చూపవలయునో తెలియుట వేఱు. మొదటిది శాసనమిచ్చును, రెండవది కచేరీ వ్రాతయు, దానిని తప్పుపట్టగల స్వానుభవమును ఇచ్చును. ఆ యనుభవము లేని గవర్నరులు సంఖ్యలను చూచి రైతును చూడలేకపోయిరి. నడుమ నష్టపడినది వారు కారు. కౌలు కట్టలేక యూరు విడిచినవారు.

5. అధ్యక్షుని యవధులు

గవర్నరు పదవిలో మన్రో చేయగలిగిన వానితోపాటు చేయలేకపోయిన వానినికూడ చూడవలయును. 1824 డిసెంబరు 31వ తేదిని వ్రాసిన దీర్ఘమైన మినిటులో నతడు స్వదేశీయులను ఉన్నతోద్యోగములనుండి వెలివేయుట రాజ్యమునకును, ప్రజల శీలమునకును హానికరమని వాదించెను. సభలో పెద్ద తానే; ఐనను ఆ మాట కార్యరూపమున నెంతో దూరము పోలేదు. ఉన్నతోద్యోగములు డైరెక్టరుల యనుగ్రహముచే సీమనుండి వచ్చు యువకుల సొత్తై యుండెను. గవర్నరు ఆ ద్వారమును తెఱవజాలడు.

అతడు చేయగలిగిన దేమనగా, ఆ యువకులు దేశభాషలు నేర్వవలయునని పట్టుపట్టుట. 1812లో స్థాపింపబడిన జార్జికోట కాలేజీయం దుద్యోగులు జిల్లాలకు పోకమునుపు భాషాపరీక్షల నీయవలసి యుండెను. ఆ కాలేజీలో తెలుగు నేర్చి 1820లో కడపకు సహాయోద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తరువాత మన వాఙ్మయమున కొనరించిన సేవ పాఠకు లెఱిగినదే. పన్ను వసూలునకై విధింపబడిన భాషాభ్యాసము నిఘంటువునకును, గ్రంథసంస్కరణమునకును దారితీసెను. కచేరీ వ్రాతను చదువనేర్చిన దొర కావ్యమును చదువగలిగెను.

1824లో బర్మాయుద్ధము వచ్చుటచే మన్రో పదవి విడువదలచియు విడువలేకపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మటను ప్రతినిధి వచ్చుట కాలస్యమయ్యెను. 1827 మే మాసాంతమున దత్తమండలములను కడసారి చూడవలయునని బయలుదేరెను. గుత్తి దాటిన పిమ్మట పరివారములో విషూచి వ్యాపించెను. జూలై 6వ తేదిని పత్తికొండ మజిలీలో నా జాడ్యము గవర్నరుకే సోకి, నాటి సాయంకాలమునకే మరణించెను. మఱునాడు గుత్తిలో సమాధి చేయబడెను. 1831లో నస్థులు చెన్నపురి కోటలోని సెంటు మేరీ దేవాలయమునకు చేర్చబడెను. పత్తికొండలో నతని జ్ఞాపకార్థము బావి త్రవ్వించి, తోపు నాటించిరి. నీటికి కఱవైన సీమలో గవర్నరు పేర బావి నిలుచుట యుచితము. ఐనను ఒక విషయము మఱువరాదు: పత్తికొండకును తెర్నేకల్లునకును దూరము కొలదియే. ఒకచోట గవర్నరుకు స్మారకము నిలిచినది. రెండవచోట గౌడప్ప కథ జనుల నోట నిలిచినది. చరిత్రకారుడు రెండింటిని కలిపి చదువవలయును.

6. తరువాతి కాలము

1950 జనవరి 26నుండి మన దేశమున అధ్యక్షుడను మాట క్రొత్తయర్థముతో రాష్ట్రపతి యను రూపమున ప్రవేశించెను. రాజ్యాంగపు 53వ యనుచ్ఛేదము కేంద్రకార్యనిర్వహణాధికారము రాష్ట్రపతియం దున్నదనియు, దాని నతడు స్వయముగ గాని, తనకు లోబడిన యుద్యోగుల మూలమున గాని నడపుననియు చెప్పుచున్నది. 74వ యనుచ్ఛేదము మంత్రిమండలి సలహా నేర్పఱచుచున్నది. 1976నాటి సవరణ ఆ సలహా ననుసరింపవలయునని స్పష్టపఱచెను. 1978నాటి సవరణ ఒకమాఱు పునర్విచారమునకు పంపు స్వాతంత్ర్యము నిచ్చెను. ప్రజాప్రతినిధుల సభ యనునది కంపెనీకాలమున లేదు. కావున రెండు వ్యవస్థలును సమానములని చెప్పుట తగదు. పేరును, చేతయు వేఱుగ నుండు పద్ధతి మాత్రము రెండింటను కలదు. ఆజ్ఞ యొకరి పేర వెలువడును, ఆలోచన యొకరిది, వ్రాత యొకరిది, అమలు మఱియొకరిది.

దత్తమండలములవారు ఈ పదవిని దగ్గఱనుండి చూచినారు. అనంతపురము జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1977నుండి 1982 వఱకు రాష్ట్రపతిగా నుండిరి. 1979లో మొరార్జీ దేశాయి రాజీనామా చేసిన పిమ్మట చరణ్ సింగును మంత్రివర్గ నిర్మాణమునకు పిలుచుటయు, ఆగస్టులో లోకసభను రద్దుపఱచుటయు రాష్ట్రపతి విచక్షణాధికారపు హద్దులను గూర్చి దేశవ్యాప్తమగు చర్చకు కారణమయ్యెను. అంతకుముందే, 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము పడిపోయినపుడు, ఆంధ్రరాష్ట్రము 1955 మార్చి వఱకు రాష్ట్రపతిపాలనలో నుండెను. అట్టి కాలములందు మంత్రులు లేకున్నను కచేరీలు మూతపడవు. మంత్రిమండలి లేని కాలమున రాజ్యము నడచుచున్నదనుటకు పల్లెలో కనబడు సాక్ష్యము కచేరీ యొకటియే.

ఆ కచేరీ యడుగుమెట్టు మాత్రము 1984లో తొలగింపబడెను. ఆ సంవత్సరము జనవరిలో గవర్నరు పేర వెలువడిన యార్డినెన్సుచే ఆంధ్రప్రదేశములో కరణము, గ్రామమునసబు మొదలగు గ్రామోద్యోగములు రద్దుచేయబడెను. మఱుసటి సంవత్సరము తాలూకాలు పోయి మండలములు వచ్చెను. పత్తికొండ తాలూకాలోని దేవనకొండ తానే యొక మండలకేంద్ర మయ్యెను. వంశపారంపర్యాధికారమునందలి యన్యాయము, గ్రామమున నొక కుటుంబపు కలమునకే సమస్తము లోబడియుండుట, ఇవి యా మార్పునకు బలమైన కారణములు. వానిని కాదనుట కెవరికిని సాధ్యము కాదు. తెర్నేకల్లువంటి యూళ్ల చరిత్రము చదివినవారు ఆ యధికారమునకై విలపింపరు. విలపింపదగినది వేఱొకటి కలదు. ఆ కుటుంబములయొద్ద నుండిన పాతలెక్కలు, అడంగళ్లు, ఇనాముపత్రములు ఎంతవఱకు కచేరీకి చేరినవి, ఎంతవఱకు అటకలమీద చెదలపాలైనవి?

ఈ ప్రశ్న సాహిత్యపరిశోధకులకు పరాయిది కాదు. కర్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతులకు మూలము గ్రామకరణముల కవిలెలే. కావలి సోదరులు ఊరూర తిరిగి వ్రాయించి యుండకపోయినచో దత్తమండలముల గ్రామచరిత్రము మనకు మిగిలెడిది కాదు. పన్ను కట్టించుటకై వ్రాసిన కలమే చెఱువు త్రవ్వించినవాని పేరును, గుడి కట్టించినవాని పేరును, కఱవు వచ్చిన సంవత్సరమును వ్రాసినది.

కావున నీ విచారమున తేలిన దిది. అధ్యక్షుని యధికారము శాసనమున నెంత విశాలముగ నున్నను, అది నడచునది వ్రాతపైననే. ఆ వ్రాత సత్యమైనచో నతడు సమర్థుడు, అసత్యమైనచో నతడంధుడు. తెర్నేకల్లులో పైవారికి వ్రాత చేరలేదు; ఫిరంగి చేరెను. 1807లో సత్యమైన వ్రాత చేరెను. చదువువాడు లేక పదుమూడేండ్లు రైతు దాని వెల చెల్లించెను. 1820లో వ్రాసినవాడే చదువువాడయ్యెను. అట్టి యవకాశము చరిత్రలో తఱచు రాదు. అది రాని కాలములలో ప్రజకు రక్ష, క్రింది మెట్టున నిజము వ్రాయు నుద్యోగియు, పైమెట్టున దానిని వెదకి చదువు పాలకుడును. మన పాఠశాలలలో రాజుల పట్టికలను నేర్పు పండితులు, తమ తమ యూళ్ల పాత కచేరీ లెక్క నొకదానినైన విద్యార్థులకు చూపించి చదివింతురేని, రాజ్యమనగా నేమో వారికి గ్రంథములకంటె స్పష్టముగ బోధపడును. చెదలపాలు కానున్న కాగితములును కొన్ని నిలిచి యుండును.